అడవి నడకా, అడవి కథా: ఎటూ తేలని ఒక చర్చ

ఆదివారం పొద్దున్నే పిల్లల్ని ఏ అటవీ పార్కుకో తీసుకెళ్లి, నాలుగు చెట్ల పేర్లు చెప్పి, బండ మీద కూర్చోబెట్టి ఒక కథ వినిపించి, ఎండెక్కకముందే ఇంటికి పంపే కార్యక్రమాలు మన నగరాల్లో ఇప్పుడు కొత్త కాదు. అటవీ శాఖ చేస్తోంది, బడులు చేస్తున్నాయి, పక్షి ప్రేమికుల సంఘాలు చేస్తున్నాయి, రిసార్టులు కూడా ప్యాకేజీలో కలిపి అమ్ముతున్నాయి. అందరూ చెప్పే కారణం ఒక్కటే: పిల్లలు ప్రకృతికి దూరమైపోయారు, మళ్లీ దగ్గర చేయాలి.

ఈ మాటతో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా దాని తర్వాతే. దగ్గర చేయడమంటే చెట్టూ పిట్టా పేర్లు నేర్పడమా? వాటి మీద ఇష్టం పుట్టించడమా? పిల్లల ఆరోగ్యం బాగుచేయడమా? రేపు అడవిని నరుకుతుంటే అడ్డం నిలబడే పౌరుల్ని తయారుచేయడమా? ఇవి నాలుగు వేర్వేరు పనులు. ఒకదానికి దొరికిన రుజువును ఇంకోదానికి చూపించడం, ఒకచోట జరిగిన మేలును అన్నిచోట్లకూ వర్తింపజేయడం వల్లే ఈ చర్చ ఇంతగా చిక్కుపడింది.

వాదన ఎక్కడ మొదలైంది

ఆధునిక చర్చకు తొలి గట్టి గొంతు అమెరికన్ జీవశాస్త్రవేత్త రేచెల్ కార్సన్‌ది. 1956లో ఆమె ఒక పత్రికకు రాసిన వ్యాసం, ఆమె చనిపోయాక 1965లో పుస్తకమైంది. పిల్లలకు సమాచారం కంటే ముందు ఆశ్చర్యం కావాలని, ఆ ఆశ్చర్యాన్ని పంచుకునే పెద్దమనిషి ఒక్కరైనా పక్కన ఉండాలని ఆమె వాదన. 1977లో ట్బిలిసీలో జరిగిన అంతర్జాతీయ సదస్సు పర్యావరణ విద్యను ప్రభుత్వాల బాధ్యతగా మార్చింది. అది ఎరుకతో, జ్ఞానంతో ఆగకూడదని, నైపుణ్యం, పాలుపంచుకోవడం దాకా వెళ్లాలని ఆ సదస్సు తీర్మానించింది.

మన దేశంలో అహ్మదాబాద్‌లోని పర్యావరణ విద్యా కేంద్రం 1984లో మొదలైంది. 1991లో న్యాయవాది ఎం.సి.మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు అన్ని స్థాయిల్లో పర్యావరణాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేయమంది. 2001–02లో జాతీయ హరిత దళం పేరిట బడుల్లో ఎకో క్లబ్బులు వచ్చాయి. ఆదేశం మంచిదే. ఫలితం మాత్రం చాలావరకు ఒక పాఠ్యపుస్తకం, ఒక ప్రశ్నపత్రం, జూన్ 5న మొక్క నాటుతున్న ఫోటో దగ్గర ఆగిపోయింది. అదే మొక్క గోతిలో మరుసటి ఏడాది మళ్లీ ఇంకో మొక్క నాటడం ప్రతి ఊరి బడికీ తెలిసిన సంగతే.

ఇంతలో పశ్చిమ దేశాల్లో భయం ఇంకో రూపం తీసుకుంది. 1993లో అమెరికన్ ప్రకృతి రచయిత రాబర్ట్ మైకేల్ పైల్ ‘అనుభవం అంతరించిపోవడం’ గురించి రాశాడు. ఊరి చుట్టూ ఉన్న మామూలు జీవులు పోతే, వాటితో పరిచయం లేని తరం వస్తుంది. పరిచయం లేని తరానికి మిగిలినవి పోయినా పట్టదు. 2002లో బ్రిటన్‌లో ఆండ్రూ బామ్‌ఫర్డ్ బృందం 4 నుంచి 11 ఏళ్ల పిల్లలకు బొమ్మల కార్డులు చూపించింది. ఎనిమిదేళ్ల పిల్లలు పోకెమాన్ పాత్రల్లో 78 శాతాన్ని పోల్చారు. తమ దేశపు జీవుల్లో 53 శాతాన్నే గుర్తించారు. పిల్లల బుర్రలో చోటు లేక కాదు, ఆ చోటును వేరేవి ఆక్రమించాయి కాబట్టి అని దాన్నిబట్టి వాదించారు. 2005లో అమెరికన్ పాత్రికేయుడు రిచర్డ్ లూవ్ దీనికి ‘ప్రకృతి లేమి రుగ్మత’ అని పేరు పెట్టాడు. అది వైద్యులు గుర్తించిన జబ్బు కాదని ఆయనే చెప్పాడు. కానీ పేరు జబ్బులా ఉంది కాబట్టి ప్రచారం కూడా జబ్బులానే జరిగింది.

తెలుగు నేల మీద దీనికి వేరే చరిత్ర ఉంది. చర్చల్లో దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. వినాయక చవితికి ఇరవై ఒక్క పత్రి ఏరుకురావాలంటే పిల్లలకు ఉత్తరేణి, వాకుడు, ఉమ్మెత్త, వావిలి, మద్ది, జమ్మి ఎక్కడెక్కడ ఉంటాయో తెలియాలి. బతుకమ్మకు గునుగు, తంగేడు కోసం గట్ల వెంట తిరగాలి. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద వనభోజనం. ఇవేవీ పర్యావరణ విద్య అనిపించుకోలేదు గానీ, ఏడాదిలో ఫలానా రోజున ఫలానా మొక్క దగ్గరికి పిల్లల్ని పంపే ఏర్పాటు అది. ఇప్పుడు పత్రి బజారులో కట్టలుగా వస్తోంది. ఆ కట్టలో ఇరవై ఒకటి ఉన్నాయో లేదో చూసేవాళ్లు తక్కువ. వనభోజనానికి మైక్ సెట్టు, ప్లాస్టిక్ గ్లాసులు వచ్చాయి. అలాగని పాతకాలాన్ని మరీ మెచ్చుకోనక్కర్లేదు. ఆ తిరుగుళ్లలో ఎవరి పిల్లలకు ఎంత దూరం అనుమతి ఉండేదో కులాన్ని బట్టి, ఆడా మగా తేడాను బట్టి మారేది.

పేర్లు ముందా, ఇష్టం ముందా

ఒక వర్గం పేర్లతో మొదలుపెడుతుంది. చూసింది ఏమిటో తెలియకపోతే చూసినట్టే కాదన్నది వాళ్ల నమ్మకం. 1883లో పుట్టిన బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ సంప్రదాయం ఇదే. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ పుస్తకాలతో రెండు మూడు తరాలు బైనాక్యులర్స్ పట్టుకోవడం నేర్చుకున్నాయి. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ బడి దీన్ని దినచర్యలో భాగం చేసింది. ఎండిన కొండల్ని చెట్లతో నింపి, ఆ చుట్టుపక్కల పక్షుల లెక్కను పిల్లలతోనే రాయించింది. రాతి గుట్టల మీద మాత్రమే బతికే పసుపు గొంతు పిగిలిపిట్ట దక్షిణాది సొత్తు. దాన్ని గుర్తుపట్టగలిగిన పిల్లకు ఆ గుట్టను క్వారీకి ఇస్తే ఏం పోతుందో ఎవరూ వివరించనక్కర్లేదు.

రెండో వర్గం కార్సన్ వారసులది. జోసెఫ్ కోర్నెల్ 1979లో ప్రకృతి ఆటల పుస్తకం రాశాడు. విద్యావేత్త డేవిడ్ సోబెల్ 1996లో ఇంకో అడుగు ముందుకు వేసి, చిన్నపిల్లలకు అడవుల నరికివేత, కరిగే మంచు లాంటి విషాదాలు చెప్పొద్దన్నాడు. ఇష్టం కలగకముందే భయం కలిగితే మనసు మూసుకుపోతుందని ఆయన వాదన. ఈ వర్గానికి అండగా ఎక్కువమంది చూపించే అధ్యయనం బెర్లిన్‌లో 255 మంది 4–6 తరగతుల పిల్లల మీద ఓటో, పెన్సినీ 2017లో ప్రచురించినది. పిల్లల పర్యావరణ ప్రవర్తనలో ఉన్న తేడాల్లో 69 శాతాన్ని ప్రకృతితో అనుబంధం వివరించగలిగింది, పరిజ్ఞానం 2 శాతాన్నే.

అంకెలు చూస్తే పోటీ ముగిసినట్టే అనిపిస్తుంది. కానీ అనుబంధాన్నీ ప్రవర్తననూ పిల్లలు తమ గురించి తాము చెప్పిన సమాధానాలతోనే కొలిచారు. నాకు పిట్టలంటే ఇష్టం అన్న పిల్లాడే నేను కుళాయి కట్టేస్తాను అని కూడా అంటాడు. పైగా పేరు తెలియడం, ఇష్టం కలగడం ఒకదాన్నొకటి పెంచుకుంటాయా అన్నది ఈ లెక్కతో తేలదు. రిషి వ్యాలీ లాంటి చోట రెండూ కలిసే ఉంటాయి; విడదీసి కొలవడం పరిశోధకుల అవసరమే తప్ప పిల్లల అనుభవం కాదు.

నడకను మందుబిళ్లగా చూసేవాళ్లు

మూడో వర్గం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, రుజువుల విషయంలో ఇదే ఎక్కువ స్పష్టంగా ఉంది. రోజర్ ఉల్‌రిచ్ 1984లో పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రి రికార్డులు తిరగేసి, కిటికీలోంచి చెట్లు కనిపించిన రోగులు ఇటుక గోడ కనిపించినవారికంటే త్వరగా ఇంటికెళ్లారని చూపాడు. జపాన్ అటవీ శాఖ 1982లో ‘షిన్రిన్ యోకు’ పేరుతో అడవిలో నెమ్మదిగా గడపడాన్ని ప్రోత్సహించింది. 2009లో ఏకాగ్రత లోపం ఉన్న 17 మంది పిల్లలు పార్కులో 20 నిమిషాలు నడిచాక, వీధుల్లో నడిచిన తర్వాతకంటే మెరుగ్గా మనసు నిలిపారు. 2019లో ఇంగ్లండ్‌లో దాదాపు 20,000 మంది మీద చేసిన అధ్యయనంలో వారానికి 120 నిమిషాలు పచ్చదనంలో గడిపినవారి ఆరోగ్యం మెరుగ్గా ఉంది. అయితే ఆరోగ్యంగా ఉన్నవాళ్లే బయటికి ఎక్కువ వెళతారేమో అన్న అనుమానాన్ని ఆ లెక్క తీర్చలేదు. ఇవన్నీ చల్లని దేశాల సంగతులు. మే నెల మధ్యాహ్నం రాయలసీమలో 120 నిమిషాల నడక ఎవరి ఆరోగ్యానికి మంచిదో వేరే ఆలోచించాలి. ఈ వర్గానికి కథతో పని లేదు, చెట్టు పేరుతో కూడా పని లేదు. పచ్చగా, నిశ్శబ్దంగా ఉంటే చాలు.

కథ చేసే మేలు, కథ చేసే హాని

నడక మీద ఇంత పరిశోధన ఉంటే, కథ మీద ఉన్నది చాలా తక్కువ. కథ చెబితే ప్రకృతి మీద ప్రేమ పుడుతుందని అందరూ అనుకుంటారు. మన కథల్ని దగ్గరగా చూస్తే అంత సులువుగా ఒప్పుకోబుద్ధి కాదు.

చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో అచ్చయింది. అందులో మిత్రలాభం గోదావరి ఒడ్డున ఒక పెద్ద బూరుగు చెట్టు దగ్గర మొదలవుతుంది. కాకి, పావురాలు, ఎలుక వరసగా వస్తాయి. కానీ బూరుగు ఎలాంటి చెట్టో కథ చెప్పదు. లేత మానుకు ముళ్లుంటాయి. శీతాకాలం చివర ఆకులన్నీ రాలి ఎర్రటి మందపాటి పూలు పూస్తే, తేనె కోసం కాకులు, గోరింకలు, ఉడుతలు ఒకే కొమ్మ మీద కొట్లాడుకుంటాయి. ఎండాకాలంలో కాయ పగిలి దూది ఎగురుతుంది. మిత్రలాభంలో అంతా మనుషుల రాజనీతి. జంతువులు వేషాలు మాత్రమే. నక్క జిత్తులమారి అన్నది తెలుగు పిల్లలందరికీ తెలుసు. మెట్ట పొలాల్లో తిరిగే మన గుంటనక్క ఎలుకల్ని, చెదపురుగుల్ని, పీతల్ని తిని రైతుకు మేలు చేస్తుందని తెలిసినవాళ్లు ఎందరు? బొమ్మల పుస్తకాల్లో కనిపించే ఎర్రటి నక్క అయితే ఐరోపాది, మన పొలాల్లో తిరిగేది కాదు.

పాలపిట్ట సంగతి ఇంకా చేదు. దసరా నాడు దాన్ని చూస్తే విజయమన్న నమ్మకం తరాలుగా ఉంది. తెలంగాణకు అది రాష్ట్ర పక్షి. కథ వల్లే జనానికి ఆ పిట్ట తెలుసు, ఆ ఒక్కరోజైనా పొలం వైపు చూస్తారు. అదే కథ వల్ల కొన్నిచోట్ల దాన్ని పట్టి, పంజరంలో పెట్టి, పండగ రోజు డబ్బు తీసుకుని చూపిస్తారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. రెక్క విప్పినప్పుడే ఆ నీలాలు పూర్తిగా కనిపిస్తాయి. ముడుచుకుని పంజరంలో ఉన్నది చూసినవాడు పాలపిట్టను సగమే చూసినట్టు. గుడ్లగూబకు ఈ సగం భాగ్యమైనా దక్కలేదు. దాని మీద కథలన్నీ రాళ్లు వేయించేవే.

అంటే కథకు శక్తి ఉందనడంలో అనుమానం లేదు. ఎలాంటి కథ అన్నదే ప్రశ్న. ఇక్కడ రెండు రకాల్ని విడదీయాలి. ఒకటి, జంతువును అడ్డం పెట్టుకుని మనిషికి నీతి చెప్పేది. రెండోది, ఫలానా చోట బతకడానికి కావలసిన తెలివిని దాచుకున్నది. నల్లమల చెంచుల్లో కొండచరియల తేనె తీయడం గురించి చెప్పుకునేది రెండో రకం. తేనెపట్టు కోసం తాడు కట్టుకుని లోయలోకి దిగినవాడి తాడును పైన బావమరిది పట్టుకుంటాడు. తన చెల్లెలు విధవ కాకూడదు కాబట్టి ఆ చెయ్యి సడలదు. అంత చిన్న మాటలో కొండ లోతుంది, తేనెటీగల కోపముంది, బంధుత్వం బలముంది. అహోబిలంలో నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడాడన్న కథ కూడా అంతే. సంక్రాంతి తర్వాత స్వామి పారువేటకు బయల్దేరి నెలకు పైగా అడవి చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతాడు. దేవుడికే అత్తవారిల్లు అయిన అడవిని చూసే చూపు వేరు.

అడవి చరిత్రను పాటగా నిలబెట్టిన వృత్తి కళాకారులు కూడా ఉన్నారు. ఆదిలాబాద్ గోండులకు పర్ధానులు కిక్రి వాయిస్తూ వంశకథలు చెబుతారు. కోయల్లో డోలీలు గుడ్డ మీద గీసిన పడిగెను విప్పి ఇలవేల్పుల కథ పాడతారు. ఆ సంప్రదాయంలోని సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. నగరాల్లో ప్రకృతి కథల వేదికల మీద మాత్రం ఇలాంటివాళ్లు అరుదు. అక్కడ వినిపించేవి ఎక్కువగా అనువాద కథలు, అందులోనూ తోడేళ్లు, ఎలుగుబంట్లు, మంచు.

ఎవరి అడవి, ఎవరి పిల్లలు

నాలుగో వర్గం పై మూడింటినీ కలిపి ప్రశ్నిస్తుంది. 1989లో చరిత్రకారుడు రామచంద్ర గుహ, మనుషులు లేని అడవిని ఆదర్శంగా చూపే అమెరికన్ పర్యావరణవాదం మన లాంటి దేశాల్లో పేదల్ని అడవి నుంచి గెంటేయడానికి పనికొస్తుందని రాశారు. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక ఈ వాదనకు చట్టపు ఊతం దొరికింది. నగరం నుంచి టికెట్టు కొనుక్కుని వచ్చిన పిల్లలకు అమ్రాబాద్‌లోనో బైర్లూటీలోనో అడవిని చూపించే చెంచు యువకుడు, పులుల రక్షణ పేరిట తన పెంట (చెంచుల గూడెం) ఖాళీ చేయాల్సి వస్తుందేమోనన్న బెంగతో ఉంటాడు. ఆ పిల్లల అనుబంధం పెంచడానికి, ఇతని అనుబంధం తెంచాలా అన్నది ఈ వర్గం అడిగే ప్రశ్న.

ఇందులో ఇంకా లోతైన సంగతి ఒకటుంది. ఆశ్రమ పాఠశాలల్లో చదివే గిరిజన పిల్లలు ఏడాదిలో ఎక్కువ భాగం హాస్టల్లోనే ఉంటారు. తపసి చెట్టుకు ఎక్కడ, ఎంత లోతు గాటు పెడితే బంక వస్తుందో, ఎంత పెడితే చెట్టు చచ్చిపోతుందో తండ్రి వెంట తిరిగి నేర్చుకునే వయసులో పరిసరాల విజ్ఞానం పుస్తకంలో అడవుల ఉపయోగాలు ఐదు రాస్తారు. ప్రకృతికి దూరమైన పిల్లలు అనగానే ఫోన్ పట్టుకున్న నగరపు పిల్లాడే అందరికీ గుర్తొస్తాడు. చదువు కోసం అడవి వదిలి వచ్చిన ఈ పిల్లల మీద అధ్యయనాలు అసలు కనిపించవు. అలాగని బడి మానేసి అడవిలోనే ఉండమనడం కూడా న్యాయం కాదు, ఆ మాట సొంత పిల్లల్ని ఇంగ్లిషు మీడియంలో వేసినవాళ్లు అంటే మరీనూ.

నాలుగు వర్గాల్నీ పక్కపక్కన పెడితే తేడా ఇదీ. పేర్ల వర్గానికి కావలసింది తెలిసిన గురువు, ఏళ్ల తరబడి రాసే నోటు పుస్తకం. ఇష్టం వర్గానికి కావలసింది చిన్న వయసు, తొందర లేని పెద్దమనిషి. ఆరోగ్య వర్గానికి నీడ, సమయం చాలు. హక్కుల వర్గం అడిగేది అధికారంలో వాటా. మొదటి మూడూ పిల్లల్లో మార్పు కోరతాయి, నాలుగోది ఏర్పాట్లలోనే మార్పు కోరుతుంది. అందుకే మొదటి మూడింటికీ ప్రభుత్వాలు, కంపెనీలు తేలిగ్గా డబ్బిస్తాయి.

దూరపు పులి, దగ్గరి చెరువు

వర్గాలకు అతీతంగా ఒక ఆచరణ తగాదా ఉంది: ఏడాదికోసారి దట్టమైన అడవికా, వారం వారం ఇంటి దగ్గరి ముళ్లపొదల చోటుకా? అభయారణ్యంలోకి అనుమతి లేకుండా అడుగుపెట్టకూడదు. టైగర్ రిజర్వులో పర్యాటకుడికి దక్కేది చాలావరకు జీపు సఫారీయే. కాబట్టి అడవి నడక అని ప్రచారమయ్యేది తరచూ అడవిలో ప్రయాణమే. పులి కనపడలేదన్న నిరాశతో తిరిగొచ్చిన పిల్లలకు దారిలో మద్ది, ఏగిస, తునికి కనబడినట్టే గుర్తుండదు.

దగ్గరి చోటు వైపు మొగ్గే రుజువులు కొన్ని ఉన్నాయి. పరిశోధకురాలు లూయీస్ చావ్లా కెంటకీ, నార్వేల్లోని పర్యావరణ కార్యకర్తలతో మాట్లాడితే, చాలామంది చిన్నప్పుడు మళ్లీ మళ్లీ తిరిగిన ఒక చోటును, వెంట ఉన్న ఇంటి మనిషిని తలుచుకున్నారు. అలాగే తిరిగి కూడా ఏ కార్యకర్తా కానివాళ్లను ఎవరూ అడగలేదు కదా అన్న విమర్శ ఉంది, అది న్యాయమైనదే.

హైదరాబాద్‌లో మాత్రం ఈ ప్రశ్న 2025లో పరిశోధన పత్రాల్లోంచి వీధిలోకి వచ్చింది. కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లో చెట్లు తొలగించడానికి యంత్రాలు కదిలినప్పుడు ముందుగా అడ్డుకున్నవాళ్లు పక్కనే ఉన్న హైదరాబాద్ విశ్వవిద్యాలయం విద్యార్థులు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. అక్కడి బండల మధ్య నక్షత్ర తాబేళ్లు, నెమళ్లు, 200కు పైగా పక్షి జాతులు ఉన్నాయని వాదించడానికి ఆధారం, ఏళ్లుగా ఆ దారుల్లో తిరిగినవాళ్లు రాసి పెట్టుకున్న జాబితాలు. ఇక్కడ పేర్లూ ఇష్టమూ హక్కూ ఒకేచోట కలిశాయి. ఇది ఒక్క ఉదాహరణే. ఆ విద్యార్థుల్ని కదిలించింది ప్రకృతి ప్రేమా, విశ్వవిద్యాలయ భూమి మీద హక్కు భావనా అంటే రెండూ అనే చెప్పాలి. జూబ్లీహిల్స్ నడుమ సుమారు 390 ఎకరాల కేబీఆర్ పార్కుకు కూడా రోజూ నడిచేవాళ్లే కాపలా. కానీ ఆ నడకలో పిల్లలు తక్కువ.

ఇంకా తేలనివి

కథ విన్న పిల్లలు విననివారికంటే ఏం ఎక్కువ గుర్తుంచుకుంటారో, ఏం ఎక్కువ చేస్తారో తెలుగులో కొలిచినవాళ్లు కనిపించరు. అడవి కథలు చెప్పే చెంచు, కోయ, గోండు పెద్దలకు ఎంత ఇవ్వాలి, రికార్డు చేసిన కథ ఎవరిదన్న దానికి ఒప్పుకున్న పద్ధతి ఏదీ లేదు. తేనెకు, తపసి బంకకు గిరిజన సహకార సంస్థ ధర కడుతుంది, కథకు ధర కట్టేవారు లేరు. కౌమారం సంగతి కూడా అంతే. పదేళ్లలోపు పిల్లల మీద ఉన్నంత శ్రద్ధ పద్నాలుగేళ్లవాళ్ల మీద లేదు. ఇంటర్ చదువులు, కోచింగులు మొదలైన ఇంట్లో ఆదివారం పొద్దున కూడా ఖాళీ ఉండదు. ఆడపిల్లలకైతే అంతకంటే ముందే బయటి తిరుగుడు తగ్గిపోతుంది.

వీటి మాట ఎలా ఉన్నా, దగ్గరి చోటా దూరపు చోటా అన్న తగాదాను తేల్చే వీలు మాత్రం చేతిలోనే ఉంది. 2020 జాతీయ విద్యా విధానం 6–8 తరగతులవారికి పుస్తకాల సంచీ లేని పది రోజులు ఇవ్వమంది. ఒక మండలంలో సగం బడులు ఆ పది రోజులూ ఊరి చెరువుకట్టకో గుట్టకో, అక్కడి పశువుల కాపరినో తేనె తీసే మనిషినో వెంటపెట్టుకుని వెళ్లాలి. మిగతా సగం పది వేర్వేరు చోట్లకు బస్సులో వెళ్లాలి. రెండేళ్ల తర్వాత ఆ పిల్లల్ని అదే చెరువుకట్ట మీద నిలబెట్టి ఏం కనిపిస్తోందో, ఏం కనిపించకుండా పోయిందో అడగాలి. దీనికయ్యే ఖర్చు బస్సు డీజిలు కంటే పెద్దదేమీ కాదు.